చరిత్ర విద్యార్థి - సాక్షిధర్మము

ముంబయినుండి సూరతునకు పోవు రైలుమార్గమున, సూరతు ఇంక కొన్ని మైళ్లున్నదనగా, సచిన్ అను స్టేషను వచ్చును. నేడచట అద్దకపు కార్ఖానాలు, మరమగ్గముల షెడ్డులు, పనివారి బస్తీలు క్రిక్కిరిసి యున్నవి. 2020లో ఆ యూరు సూరతు నగరపాలక సంస్థలో కలిసిపోయినది. బండి కిటికీలోనుండి చూచువానికి అది పొగగొట్టముల యూరు మాత్రమే. కాని 1948 వరకు అదియొక సంస్థానము. తొమ్మిది ఫిరంగుల వందనమునకు అర్హులైన నవాబులు దాని నేలిరి. ఆ నవాబులు తురుష్కులు కారు, పారసీకులును కారు. ఆఫ్రికా ఖండమునుండి మన పశ్చిమ తీరమునకు వచ్చిన హబ్షీల సంతతివారు. వారిని సిద్దీలందురు. వారి ప్రజలలో అధిక సంఖ్యాకులు గుజరాతీ హిందువులు.

ఇట్టి ప్రదేశమునకు తెలుగువారును చేరిరి. తెలంగాణపు పల్లెలలో చేనేత చితికిపోగా, బ్రతుకుతెరువునకై షోలాపురము, భివండి, ముంబయి, సూరతు నగరములకు వలసపోయిన పద్మశాలీ కుటుంబములు అనేకములు. వారి పిల్లలకొరకు సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలను కూడ నడుపుచు వచ్చినది. అట్టి యింటి బాలు డొకడు సచిన్ బస్తీలో నుండి చదువుకొనుచున్నాడని యనుకొందము. వాని కింట తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానా గుమ్మమున హిందీ, ప్రక్కయింట మరాఠీయో ఒడియాయో వినవచ్చును. ఈ బాలునకు చరిత్ర యనగా ఎవరి చరిత్ర? హబ్షీ నవాబులదా? మొగలాయి రేవుపట్టణమైన సూరతుదా? తాత విడిచివచ్చిన ఓరుగల్లు సీమదా?

పాఠ్యపుస్తకమునకు ఈ చిక్కు లేదు. "శివాజీ సూరతును మొదటిసారి ఎప్పుడు ముట్టడించెను?" అని ప్రశ్న, "1664" అని జవాబు, ఒక మార్కు. ఈ పద్ధతిని నిందించుట సులభము గాని, అది పూర్తిగా వ్యర్థమని నే ననను. కాలక్రమము కంఠస్థము కానివాడు కార్యకారణములను గూర్చి మాటలాడుట పునాది లేని గోడ. అయినను తేదీలు నేర్చినంత మాత్రమున చరిత్ర నేర్చినట్లగునా? నిఘంటువును వల్లించినవాడు కవి యగునా?

వేరొక వైపునుండి మరియొక ఆక్షేపణ కలదు. మన పాఠకులలో కొందరికైన ఇది తోచియే యుండును. నామరూపాత్మకమైన జగత్తే మిథ్య యనుచుండగా, అందు చచ్చిన రాజుల కథలతో సాధకునకు నిమిత్తమేమి? ఈ మాట వినుటకు వైరాగ్యమువలె నుండును. కాని ఇట్లనువారే, సంభాషణలో రాజుల ప్రసక్తి రాగానే, ఒకని దేవునిగను ఇంకొకని రాక్షసునిగను వర్ణించుటకు క్షణమైన వెనుదీయరు! చరిత్ర మనకు అక్కరలేదన్నంత మాత్రమున అది మనలను విడువదు. పరీక్షింపని చరిత్ర మనస్సులో రాగద్వేషములుగా నిలిచియుండును. సత్యము పలుకుట సాధనలలో మొదటిదైనచో, మృతులను గూర్చి పలుకునపుడు ఆ నియమము మరింత కఠినముగా నుండవలెను. ఏలయన వారు లేచివచ్చి, "అది అట్లు జరుగలేదు" అని మనకు బదులు చెప్పజాలరు. 12వ శతాబ్దిలో కాశ్మీర రాజుల చరిత్రమును రచించిన కల్హణుడు, జరిగినది చెప్పువాడు న్యాయాధిపతివలె రాగద్వేషములను ప్రక్కకు నెట్టవలెనని గ్రంథారంభముననే హెచ్చరించెను. ఆయన కోరినది కవితా సామర్థ్యము కాదు, ధర్మాసనమున కూర్చుండువాని నిగ్రహము.

కావున చరిత్ర విద్యార్థి అలవరచుకొనవలసిన మొదటి నేర్పు సాక్ష్యమును విను నేర్పు. దీనిని మనము పాశ్చాత్యులనుండి ఎరువు తెచ్చుకొనవలసిన పని లేదు. మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములను నాలుగుగా విభజించిరి. చరిత్రలో ప్రత్యక్షమునకు తావు లేదు. గడచినదానిని కంట చూడలేము. మిగిలినది ప్రధానముగా శబ్దము, అనగా ఒకరు చెప్పినది. దాని ననుసరించి అనుమానము. అయితే అందరి మాటయు ప్రమాణము కాదు, ఆప్తుని మాటయే ప్రమాణము. ఆప్తు డెవడు? న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు దీనిని విచారించి, విషయమును తాను సాక్షాత్కరించుకొని, దానిని ఉన్నదున్నట్లు తెలుపగోరి, చెప్పుటకు పూనుకొనినవాడే ఆప్తుడని తేల్చెను. అంతటితో ఆగక, ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమేయని కూడ చేర్చెను. ఈ చివరి మాటను చదివినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. శాస్త్రములో ఇంతటి ధైర్యము చూపిన భాష్యకారుని సంతతివారమైన మనము, గ్రంథకర్త యే మతమువాడో తెలిసికొనిన పిమ్మటగాని వాని మాట నిజమో కాదో నిర్ణయింపలేకున్నాము.

ఈ గీటురాతిని సచిన్ బాలుని ఇంటికి దగ్గరగా జరిగిన సంగతిపైననే గీచి చూతము.

1664 జనవరిలో శివాజీ తన సేనతో సూరతుమీద పడెను. మొగలాయి సామ్రాజ్యమునకు అది ప్రధానమైన రేవు; మక్కాయాత్రికులు ఓడ లెక్కునది అచటనే. నగరాధికారి యగు ఇనాయత్ ఖాన్ ప్రజలను వారి ప్రాలబ్ధమునకు విడిచి కోటలో దాగెను. విర్జీ వోరా వంటి కోటీశ్వరుల గృహములు కొల్లబోయినవి, ఇండ్లు తగులబడినవి. ఇంతవరకు వివాదము లేదు. ఇక సాక్షులను పిలుతము.

మొదటి సాక్షులు ఆంగ్లేయ వర్తకులు. సర్ జార్జి ఆక్సెండెన్ నాయకత్వమున వారు తమ కోఠీని ఆయుధములతో కాపాడుకొనిరి. వారి ఉత్తరములు సంఘటన జరిగిన కొన్ని దినములలోనే వ్రాయబడినవి. అది వాని బలము. కాని ఆ యుత్తరములు పోవునది లండనులోని కంపెనీ యజమానులకు. తమ సేవకులు ధైర్యశాలులని యజమానులకు తెలియుట అవసరము కదా! ఔరంగజేబు కూడ వారి ధైర్యమును మెచ్చి సుంకములో కొంత తగ్గింపు నిచ్చెను. కనుక వారు సమీపమునుండి చూచినవారే, కాని తమ శౌర్యమును గూర్చి చెప్పునపుడు వారి మాటను కొంచెము జల్లించి తీసికొనవలెను. కోఠీలోని మతగురువు ఎస్కాలియట్ శివాజీ ఆకారమును వర్ణించుచు స్వదేశమునకు లేఖ వ్రాసెను. పొట్టివాడని, చక్కని అవయవసౌష్ఠవము కలవాడని. చదువునపుడు ఆయన ఎదుట నిలిచి చూచినట్లే యుండును. కాని చూచినవారు చెప్పగా వ్రాయుచున్నానని ఆయనయే ఒప్పుకొనెను. శివాజీ శిబిరమున బందీగా నుండి వచ్చినవాడు ఆంథొనీ స్మిత్ అను ఆంగ్లేయుడు. బందీలలో కొందరి చేతులు, తలలు నరకబడుట చూచితినని చెప్పినవాడును అతడే. శత్రువు చేతిలో మూడు దినములు ప్రాణభయముతో నున్నవాడు చెప్పినదని దానిని త్రోసివేయుదుమా? భయము చూపును చెదరగొట్టవచ్చును, పదును పెట్టవచ్చును కూడ.

రెండవ సాక్షి ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్. సూరతులో ఒక క్రైస్తవ సన్న్యాసి యింటిని శివాజీ ముట్టనీయలేదని, బ్రతికియున్నపుడు గొప్ప దాతయని పేరుపొందిన డచ్చివారి దలాలి యొకని యింటిని కూడ విడిచిపెట్టెనని ఈయన వ్రాసెను. ఈ మాట శివాజీయందు గౌరవము గల మనకు చాల ఇష్టముగా నుండును. ఇచటనే విద్యార్థి ఆగవలెను. బెర్నియర్ ఆ దినములలో సూరతులో లేడు. ఆయన వినినది వ్రాసెను. అయితే శివాజీని పొగడవలసిన నిమిత్తము ఆయనకు లేదు. చూడనివాడు, కాని పక్షపాతమునకు కారణము లేనివాడు. ఇతని మాటకు ఎంత తూకము వేయవలెను?

మూడవవాడు కృష్ణాజీ అనంత సభాసదుడు. శివాజీ కొలువులో నున్నవాడు. సూరతు సంగతి జరిగిన ముప్పది యేండ్లకు, 1690 దశకములో, శివాజీ కుమారుడు రాజారామునికొరకు జింజీలో బఖరు రచించెను. అప్పుడు మరాఠా రాజ్యము ప్రాణాపాయములో నున్నది. మొగలు సేనలు దక్షిణమంతయు ఆవరించి యున్నవి. తండ్రి ప్రతాపమును కుమారునకు గుర్తుచేయుట అప్పటి యవసరము. కన్నది కన్నట్లు చెప్పవలెనను కోరికకంటె, కన్నదానిలో ఉత్తేజకరమైనది చెప్పవలెనను కోరిక ఇచట బలీయము. ఆ కోరిక పాపము కాదు. కాని అది యున్నదని తెలిసి చదువుట వేరు, తెలియక చదువుట వేరు.

కారణములు విచారింపకయే తీర్పు చెప్పుటయు తప్పే. 1660 మొదలు మూడేండ్లు షాయిస్తా ఖాన్ పుణెలో తిష్ఠవేసి ఆ సీమను పీల్చివేసెను. ఆ నష్టమును చక్రవర్తి ఖజానానుండియే రాబట్టదలచి శివాజీ సూరతును ఎన్నుకొనెననుట యుక్తియుక్తము. కాని ఇండ్లు కాలినది చక్రవర్తివి కావు. సూరతులోని వర్తకులవి, వారి గుమస్తాలవి, కూలివారివి. కారణమును గ్రహించుట వేరు, క్షమాపణ పత్రమును వ్రాసి యిచ్చుట వేరు. ఈ రెంటిని కలిపివేయకుండుట చాలమంది పెద్దలకే చేతకాదు.

తేదీని గూర్చి యొక చిన్న మాట. ఆనాటి ఆంగ్లేయుల లెక్కలో ఈ దాడి 1663 జనవరి 6న జరిగినది. డచ్చివారి పంచాంగము ప్రకారము 1664 జనవరి 16న. అబద్ధమాడిన వారెవరును లేరు. ఆంగ్లేయులకు అప్పటి నూతన సంవత్సరము మార్చి 25న ప్రారంభమగుచుండెను. పంచాంగమును కూడ వారు సవరించుకొనలేదు, అందుచే పది దినములు వెనుకబడిరి. మన లెక్కకు అది శోభకృత్ సంవత్సరము. అరువదేండ్లకొకసారి తిరిగివచ్చు ఆ పేరొక్కటే చెప్పినచో ఏ శతాబ్దియో తెలియదు. అంకె కూడ సాక్షియే, దానిని కూడ ప్రశ్నింపవలెను. "1664" అని వ్రాసి మార్కు తెచ్చుకొన్న బాలునకు ఈ సంగతి చెప్పినచో వాని కన్నులు విప్పారుట మనము చూడవచ్చును.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆ తరగతిలో ఒకే బల్లపై ఇద్దరు బాలురు కూర్చుండిరి. ఒకడు మహారాష్ట్రమునుండి వచ్చిన కుటుంబమువాడు; వానికి ఈ కథ పూర్వుల విజయము. ఒకడు తరతరముల సూరతువాడు. వానికి ఇది తన యూరు తగులబడిన కథ. మన తెలుగు బాలుడు మూడవవాడు. వానికి ఇటును అటును చుట్టరికము లేదు. రాగద్వేషములు లేనందున తీర్పు చెప్పుటకు తానే తగినవాడనని వా డనుకొనవచ్చును. ఎంత పొరపాటు! ఉదాసీనత నిష్పక్షపాతము కాదు. తనకు ప్రియము కాని విషయమున సమబుద్ధి చూపుట ఎవరికైన సాధ్యమే.

వానిని కూడ తన యింటి కథ యొద్దకు తీసికొనిపోవలెను. 1565 జనవరిలో రక్కసి-తంగడి యుద్ధము జరిగెను, విజయనగరము పాడుపడెను. తెలుగువానికి ఇది హృదయశల్యము. దానిని మన మెట్లు చెప్పుకొందుము? సుల్తానులందరు ఏకమై హిందూరాజ్యమును కూల్చిరని, సేనలోని ఇద్దరు ముస్లిము నాయకులు ద్రోహము చేసిరని. ద్రోహపు కథను చెప్పినవా డెవడు? సీజరు ఫెడరిసి అను వెనిస్ వర్తకుడు. ఆయన విజయనగరమునకు వచ్చినది 1567లో, యుద్ధమైన రెండేండ్లకు. బెర్నియర్‌ను ప్రశ్నించినట్లే ఈయనను కూడ ప్రశ్నింపవలదా? అళియ రామరాయలు మసీదుల నవమానించెనని చెప్పినవాడు ఫిరిస్తా. 17వ శతాబ్ది ఆరంభమున బిజాపుర సుల్తాను ఆశ్రయమున వ్రాసినవాడు. సభాసదుని విషయమున చూపిన జాగ్రత్త ఇచటను చూపవలెను. ఒకనిని నమ్మి యొకనిని త్రోసివేయుట మన ఇష్టమును బట్టి జరిగినచో, అది విచారణ కాదు.

ఇంకను చిక్కులు కలవు. రామరాయలు ఆ సుల్తానుల పరస్పర కలహములలో ఏండ్ల తరబడి తలదూర్చి, ఒకసారి ఒకనితో, ఇంకొకసారి ఇంకొకనితో చేరుచు వచ్చెను. 1558లో బిజాపుర సుల్తానుతో కలిసియే అహమ్మదునగరముపైకి నడచెను. అన్నకు వెరచి పారివచ్చిన గోల్కొండ రాకుమారుడు ఇబ్రహీమునకు ఆయన విజయనగరమున ఏడేండ్లు ఆశ్రయ మిచ్చెను. ఆ యిబ్రహీమే కుతుబ్ షాహి సింహాసనమెక్కి, 1565లో తనకు అన్నము పెట్టినవానిపై కత్తి నెత్తినవారిలో ఒకడయ్యెను. మన కది కృతఘ్నత. సరే. అదే యిబ్రహీము తెలుగు కవుల నాదరించి మల్కిభరాముడని కీర్తింపబడెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది ఆయనకే. తొలి అచ్చతెనుగు కావ్యమైన యయాతిచరిత్రమును పొన్నికంటి తెలగన అంకితమిచ్చిన అమీన్ ఖాను ఆయన కొలువులోని వాడే. ఒకే మనుష్యుడు! వీనిని ఏ పెట్టెలో నుంతుము?

ఏ పెట్టెలోను ఉంచక, రెండు నిజములను ఒకేసారి మోయగలుగుట నేర్వవలెనని నా విన్నపము. ఇది బాలురకు కష్టమని కొందరందురు. నేనట్లు తలపను. మహాభారతము వినిన పిల్లవాడు కర్ణుని ప్రేమించును, అతడు సభలో పాంచాలిని గూర్చి పలికిన మాటకు తలవంచుకొనును కూడ. ఇతిహాసమును చదువునపుడు వానికున్న ఈ నేర్పు పాఠశాలలో చరిత్ర పుస్తకము తెరువగానే ఎచటికి పోవుచున్నది? మనమే ఊడబెరుకుచున్నామని నా యనుమానము.

వ్రాతకును, జరుగుబాటునకును గల భేదమును తెలియుట మరియొక నేర్పు. దీనికి సచిన్ సంస్థానపు పుట్టుకయే చక్కని పాఠము. కొంకణ తీరమున సముద్రమధ్యమందలి జంజీరా దుర్గము సిద్దీలది. దాని వారసత్వమును కోరిన బాలూమియా యనునతడు అచట నిలువలేకపోయెను. అతడు 1791 జూన్ 6న పుణెలో పీష్వా ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, జంజీరాపై తన హక్కును మరాఠాల కిచ్చి, మారుగా సూరతు సమీపమున గ్రామములను పొందెను. సచిన్ నవాబుల వంశము అట్లు మొదలయ్యెను. ఒడంబడిక పత్రమును మాత్రమే చదివినవాడు, 1791లో జంజీరా మరాఠాల వశమయ్యెనని వ్రాయును. వాస్తవమున దుర్గమునం దున్న సిద్దీలు దానిని విడువనే లేదు. 1948 వరకు అది వారి చేతిలోనే యుండెను. ఉన్నది లేనిదానిని ఇచ్చి నిజమైన గ్రామములను పొందిన బాలూమియా తెలివికి నవ్వుకొనవచ్చును గాని, పత్రము నిజమైనదే, సంతకములు నిజమైనవే, జరిగినది మాత్రము వేరు.

ఇక అనుమానము. నది యెఱ్ఱబారి పొంగి పారుచుండుట చూచి, ఎగువను వాన కురిసెనని ఊహింతుము. ఇది తార్కికుల ప్రసిద్ధోదాహరణము. దీనికి ఆక్షేపణను కూడ వారే చెప్పిరి: నదికి అడ్డుకట్ట పడినను నీరు పెరుగును గదా, అప్పుడు వాన యేది యని. సమాధానముగా, వాననీటి పొంగునకు వేరు గుర్తులుండునని, వేగమును నురుగును కొట్టుకొనివచ్చు కట్టెలను కూడ చూడవలెనని తెలిపిరి. ఒక్క చిహ్నముతో తృప్తిపడరాదనుట ఇందలి సారము. 2006 ఆగస్టులో తాపీనది సూరతును ముంచెత్తినపుడు ఈ చర్చ శాస్త్రగ్రంథములలోనుండి వీధిలోనికి వచ్చినట్లయ్యెను. ఎగువను భారీ వర్షములు కురిసిన మాట నిజము. కాని సుమారు 100 కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయి ఆనకట్టనుండి నీటిని ఎప్పుడు, ఎంత విడిచిరనునదియు విచారింపవలసి వచ్చెను. వాన యొక కారణము. మనుష్యుల నిర్ణయ మొక కారణము. నది యొడ్డును ఆక్రమించి పెరిగిన నగర మొక కారణము. "ఎందువలన?" అను ప్రశ్నకు ఒకే జవాబు వ్రాయుమను పరీక్షాపత్రము ఈ సందర్భమున విద్యార్థికి మేలు చేయదు.

తాపీ వరదను ప్రస్తావించితిని గనుక, ఆ బాలుని ఇంటిలోనికే పోయి చూతము. చరిత్ర నేర్చుటకు వానికి సమీపమున నున్న గ్రంథము వాని నాయనమ్మ. "మనము సూరతునకు ఎప్పుడు వచ్చితిమి?" అని అడిగినచో ఆమె అంకె చెప్పదు. తాపి పొంగిన యేడనును. మన పల్లెలలోని పెద్దలు రజాకార్ల కాలమని, పోలీసుచర్య నాడని చెప్పుదురు. సూరతు పెద్దలకు ప్లేగు వచ్చిన యేడు, అనగా 1994, అట్టి గుర్తు. ఇది అజ్ఞానము కాదు, జీవితము తనకు తాను వేసికొనిన పంచాంగము. అయితే తాపీ పొంగినది ఒక్కసారియా? 1968లో పొంగెను, 1998లో పొంగెను, 2006లో పొంగెను. ఏ పొంగు? ఇచట బాలుడు న్యాయవాదివలె, కాని గౌరవముతో, ప్రశ్నలు వేయవలెను. అప్పటికి ఉకాయి ఆనకట్ట కట్టిరా? నాన్న పుట్టెనా? ఎత్తుకొని వచ్చితివా, నడిపించుకొని వచ్చితివా? ఇంట దీపము కిరసనాయిలుదా, కరెంటుదా? ప్లేగుకు ముందా, తరువాతనా? నాయనమ్మను ఆక్షేపించుటకు కాదు ఈ ప్రశ్నలు. ఆమె యెరుకలోనే యుండి ఆమె యెన్నడును పలుకనిదానిని వెలికి తీయుటకు. ఇట్లు ప్రశ్నించినపుడు, వచ్చిన కారణము కూడ ఒకటి కాదని తేలును. మగ్గమునకు గిరాకి లేకపోవుట యున్నది, ముందు పోయిన మేనమామ పిలుపున్నది, అప్పు ఉన్నది, బహుశః ఇంటిలో ఎవరికిని చెప్పని కలహమొకటి యుండవచ్చును. అది చెప్పుటయో మానుటయో ఆమె యిష్టము. సాక్షిని బలవంతపెట్టరాదనుట కూడ ఈ విద్యలో భాగమే.

భావనాఋషి కథను కూడ ఆమె చెప్పును. మార్కండేయుని వంశమున జన్మించి, తామరతూడుల దారముతో దేవతలకు వస్త్రము నేసిన మహర్షి తమ కులమునకు మూలపురుషుడని. బాలుడు పాఠశాలలో నేర్చిన క్రొత్త పరికరమును వెంటనే ఇచట ప్రయోగించి, "దీనికి ఆధారమేమి?" అని యడుగవచ్చును. ఉపాధ్యాయుడు తెలివిగలవాడైనచో ఈ క్షణమున వాని భుజముపై చేయి వేయును. అది చరిత్ర కాదు గనుక అసత్యమనుట ఎంత తొందరపాటో, అది పూజ్యము గనుక దానికి తేదీ కలదని వాదించుటయు అంతే తొందరపాటు. ఆ కథ ఎప్పుడో జరిగినదానికి సాక్ష్యము కాకపోవచ్చును. కాని మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి బ్రతికిన ఒక జనసమూహము తన వృత్తిని ఎంత పవిత్రముగా భావించెనో, ఎవరి యెదుటను తలవంపక నిలుచుటకు దానినుండి ఎట్లు బలము పొందెనో, దానికి మాత్రము ఆ కథ నిర్దుష్టమైన సాక్ష్యము. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో చేసిన పని ఇట్టిదే. దేవతలను, రాజులను వర్ణించుటకు వ్రాసిన కావ్యములనుండి వారు మన పూర్వుల తిండిని, బట్టను, ఆటలను, మూఢనమ్మకములను ఏరి తీసిరి. గ్రంథము దేనిని చెప్పుటకు వ్రాయబడలేదో, దానిని గూర్చి తరచుగా నిజమే చెప్పును. పొగడవలెననియు, దాచవలెననియు అచట కవికి తోచదు గదా!

జదునాథ సర్కారుగారు శివాజీ చరిత్రను వ్రాయుటకు పారసీకము, మరాఠీ, పోర్చుగీసు భాషలను కష్టించి నేర్చిరి. సచిన్ బస్తీలోని బాలునకు నాలుగు భాషలు వీధిలోనే, రూక ఖర్చు లేకుండ, పదేండ్లు నిండక మునుపే లభించుచున్నవి. వలసకూలి బిడ్డయని వానిని చూచి జాలిపడువారు ఈ సంగతి గమనింపరు. మరాఠీ మిత్రుని ఇంట శివాజీ కథను మరాఠీలో వినగలడు. అదే సాయంకాలము సూరతు ముసలివాని నోట గుజరాతీలో వేరొక విధముగా వినగలడు. ఇంటికి వచ్చి రెంటిని తెలుగులో నాయనమ్మకు చెప్పగలడు. చెప్పునపుడు, "వా రిట్లనిరి, వీ రిట్లనిరి" అని విడదీసి చెప్పుట వానికి అలవాటైనచో చాలును.

వాని నోటుపుస్తకమున ఒక పుట నాయనమ్మకు కేటాయింపబడినదని యనుకొందము. అందు, "మేము వచ్చినది 1968 వరదనాడు: నాయనమ్మ మాట" అని వ్రాసికొనెను. మరునాడు ప్రక్క వీధిలోని పెదతాత, "ఎక్కడి మాట! అప్పటికి ఉకాయి ఆనకట్ట కట్టి నిలబెట్టియుండిరి. నేను పనికి కుదిరిన తరువాతనే మీవారు దిగిరి" అనెను. ఆ యానకట్ట పూర్తియైనది 1972లో. బాలుడు మొదటి పంక్తిని కొట్టివేయలేదు. దాని క్రింద రెండవ పంక్తిని వ్రాసి, ప్రక్కన పెదతాత పేరు వ్రాసి, నాన్న పుట్టిన సంవత్సరమును తెలిసికొనుటకు రేషను కార్డును వెదకబోయెను.